బైపీసీయా, ఎంపీసీయా: వడపోత ఎక్కడ జరుగుతుంది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే తెలుగు ఇళ్ళలో ఒక పెద్ద నిర్ణయం జరిగిపోతుంది. ఫలితాలు రాకముందే జూనియర్ కళాశాలకు అడ్వాన్సు కట్టేసిన ఇళ్ళూ తక్కువేమీ కాదు. బైపీసీ అంటే డాక్టరు, ఎంపీసీ అంటే సాఫ్ట్‌వేరు. మిగతా గ్రూపుల పేరు ఎత్తేవాళ్ళు అరుదు. అప్పటికి పిల్లలకు నిండా పదిహేనేళ్ళు. అమెరికాలో వైద్యం చదవాలనుకునేవాళ్ళు ముందు నాలుగేళ్ళ డిగ్రీ పూర్తి చేసి, సాధారణంగా ఇరవై రెండేళ్ళు దాటాక వైద్య కళాశాల గడప తొక్కుతారు. మన దగ్గర అదే నిర్ణయం ఏడేళ్ళు ముందే, చాలాసార్లు పిల్లల మాట సరిగా వినకుండానే అయిపోతోంది.

ఈ విషయం మీద ఇంట్లో, బడిలో, బంధువుల మధ్య నడిచే వాదనలన్నీ దాదాపు జీతం చుట్టూ, పరపతి చుట్టూ తిరుగుతాయి. డాక్టరుకు రిటైర్మెంటు లేదంటారు ఒకరు. డాక్టరు స్థిరపడేసరికి సాఫ్ట్‌వేరు కుర్రాడు ఇల్లు కట్టుకుంటాడంటారు ఇంకొకరు. రెండూ కొంత నిజమే. అసలు తేడా మాత్రం మరో చోట ఉందని నా అభిప్రాయం. రెండు చదువుల్లోనూ వడపోత తప్పదు. వైద్యంలో పెద్ద వడపోత గుమ్మం బయటే జరుగుతుంది, అదీ చాలా కఠినంగా. కంప్యూటర్ సైన్సుకు గుమ్మం బార్లా తెరిచి ఉంటుంది. వడపోత లోపలికి వెళ్ళాక మొదలై ఉద్యోగం ఉన్నంతకాలం సాగుతుంది. తమ బిడ్డ ఏ రకం పరీక్షకు ఓర్చుకోగలదో చూడకుండా జీతాలు పోల్చి ప్రయోజనం లేదు.

మనకు ఈ రెండు దారులే మిగలడం వెనక కొంత చరిత్ర ఉంది. వైద్య విద్య మనకు పాతది. హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాలే తరవాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో, గుంటూరు కళాశాల 1946లో వచ్చాయి. 1950ల చివర్లో కర్నూలు, కాకినాడ, వరంగల్ వాటికి తోడయ్యాయి. వాటిలో చదివి వచ్చి జిల్లా కేంద్రంలో నర్సింగ్‌హోమ్ పెట్టిన డాక్టరును చూసి రెండు మూడు తరాల రైతు కుటుంబాలు తమ పిల్లల భవిష్యత్తును ఊహించుకున్నాయి. కంప్యూటర్ దారి చాలా తరవాతిది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరుచుకుంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం, ట్రిపుల్ ఐటీ అక్కడే మొదలయ్యాయి. ఆ వెనకే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, అమెరికా వీసాలు. 2000ల చివర్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, పొలం అమ్మకుండానే ఇంజనీరింగ్ చదవొచ్చన్న ధైర్యం పేద ఇళ్ళకూ ఇచ్చింది. ఆ ధైర్యం విలువ చిన్నది కాదు. కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్ళు ఎందరో ఆ పథకం వల్లే చూశారు.

ఒకప్పుడు రెండు దారులకూ రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్టే ద్వారం. 2016లో తెలంగాణలో మెడికల్ ఎంసెట్ ప్రశ్నపత్రం లీకై, పరీక్ష రద్దు చేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. 2017 నుంచి మన రాష్ట్రాల్లో ఎంబీబీఎస్ సీట్లు పూర్తిగా జాతీయ ప్రవేశ పరీక్ష నీట్ చేతిలోకి వెళ్ళాయి. పాత ఎంసెట్ ఇప్పుడు ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ఈఏపీసెట్‌గా మిగిలింది. ఇక్కడి నుంచే రెండు దారుల స్వభావం బొత్తిగా వేరైపోయింది.

నీట్ సంగతి వివరంగా చెప్పుకోవాలి. 2024లో దేశమంతటా దాదాపు 24 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఆ ఏడాదికి ఎంబీబీఎస్ సీట్లు 1 లక్షా 10 వేల పైచిలుకు. 2014లో సీట్లు 51 వేల చిల్లర ఉండేవి కాబట్టి పదేళ్ళలో రెట్టింపయ్యాయి. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు కొత్తగా తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో మొదలయ్యాయి. ఇన్ని పెరిగినా 2024లో ఇరవై మందికి పైగా పోటీ పడితే ఒకరికి సీటు దొరికింది. ఆ దొరికిన సీట్లలోనూ దాదాపు సగం ప్రైవేటువి.

పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం జీవశాస్త్రానిది. అయినా ర్యాంకును తేల్చేది భౌతికశాస్త్రమే అని లెక్చరర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. జీవశాస్త్రంలో బాగా చదివినవాళ్ళందరికీ దగ్గర దగ్గర మార్కులే వస్తాయి. తేడా ఫిజిక్సులో పడుతుంది. బైపీసీ పిల్లలకేమో పదో తరగతితోనే లెక్కలు ఆగిపోతాయి. లెక్కలంటే భయపడి బైపీసీలో చేరిన పిల్లలకు, అదే భయం నీట్ ఫిజిక్సు పేపరులో మళ్ళీ ఎదురొస్తుంది. గ్రూపు ఎంచుకునేటప్పుడు ఈ మాట చెప్పేవాళ్ళు లేకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీ తీసుకోవడం అన్నిటికన్నా బలహీనమైన కారణం.

మొదటిసారి సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్. ఒక ఏడాది, ఒక్కోసారి రెండు మూడు. నీట్ రాసేవాళ్ళలో అబ్బాయిలకన్నా అమ్మాయిలే ఎక్కువ. లాంగ్ టర్మ్ హాస్టళ్ళలో ఏళ్ళ తరబడి ఉండిపోయే అమ్మాయిల మీద మార్కుల ఒత్తిడి ఒకటే కాదు, పెళ్ళి వయసు దాటిపోతోందన్న ఇంటి మాట కూడా ఉంటుంది. 2024 నీట్‌లో పేపర్ లీకు ఆరోపణలు, గ్రేస్ మార్కుల రభస, సుప్రీంకోర్టు విచారణ జరుగుతున్నన్నాళ్ళు ఆ పిల్లలు ఎంత నలిగిపోయారో లెక్కల్లోకి రాదు.

అందుకే బైపీసీలో చేర్చే ముందు అడగాల్సింది 'డాక్టరు అవుతావా' అని కాదు. ఎంబీబీఎస్ రాకపోయినా ఈ శాస్త్రం నీకు ఇష్టమేనా అని. ఎందుకంటే ఎక్కువమందికి జరగబోయేది అదే. ఇష్టమే అయితే దారులు తక్కువేమీ లేవు. పశువైద్యం, వ్యవసాయ బీఎస్సీ, దంతవైద్యం, ఆయుర్వేదం, ఫార్మ్ డీ, ఫిజియోథెరపీ, నర్సింగ్, జీవశాస్త్ర పరిశోధన. హైదరాబాదులో సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థ, జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు ఉండగా జీవశాస్త్రం చదివినవాళ్ళకు పని లేదనడం సరికాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్యం చదివినా, ప్రపంచానికి మేలు చేసింది ప్రయోగశాలలో. కానీ వీటిలో దేనినైనా 'ఎంబీబీఎస్ రానివాళ్ళ చదువు'గా ఇంట్లో చూసినంతకాలం, ఆ చదువులో చేరిన బిడ్డ తలెత్తుకుని చదవలేదు.

డబ్బు విషయానికొస్తే, సీటు ఒక్కటే అయినా ధరలు వేరు. తెలంగాణలో ప్రభుత్వ కళాశాలలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10,000 రూపాయలు. ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ కోటా సీటుకు 60,000. అదే కళాశాలలో అదే బెంచీ మీద కూర్చునే బీ కేటగిరీ (యాజమాన్య కోటా) విద్యార్థికి ఏటా 10 లక్షల పైమాటే. ఎన్‌ఆర్‌ఐ కోటా అంతకన్నా ఎక్కువ. ప్రభుత్వ సీటు వచ్చిన బిడ్డకు వైద్యమంత చవకైన గొప్ప చదువు దేశంలో మరొకటి లేదు. బీ కేటగిరీలో కొనుక్కున్న సీటు మాత్రం వేరే లెక్క. ఆ అప్పు తీర్చే బాధ్యతతో బయటికొచ్చిన యువ డాక్టరుకు గ్రామీణ ఆసుపత్రిలో పనిచేద్దామన్న కోరిక ఉన్నా, ఆ స్వేచ్ఛ ఉండదు. కాబట్టి వైద్యం లాభమా నష్టమా అని మొత్తం మీద అడిగితే జవాబు దొరకదు. ఏ కోటాలో అన్నది తెలియాలి.

విదేశీ ఎంబీబీఎస్ సంగతీ ఇంతే. రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ పేర్లతో ఏజెంట్లు ఊరూరా తిరుగుతున్నారు. అక్కడ చదివి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కు 150 మార్కులు తెచ్చుకోవాలి. ఇటీవలి పరీక్షల్లో నలుగురైదుగురిలో ఒకరే గట్టెక్కుతున్నారు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం 54 నెలల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి, తిరిగొచ్చాక ఇక్కడ మరో ఏడాది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మన పిల్లలు సరిహద్దులకు నడిచిన దృశ్యాలు చూశాక కూడా, ఏజెంటు మాటే నమ్మి పిల్లలను పంపేవాళ్ళను ఎవరైనా ఆపాలి.

సీటు వచ్చాక? నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. అది అయ్యేసరికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు. నేటి పట్టణాల్లో ఉత్త ఎంబీబీఎస్‌ను పూర్తి డాక్టరుగా చూసేవాళ్ళు తక్కువ. 2024లో నీట్ పీజీకి రెండు లక్షల మందికి పైగా పోటీ పడితే సీట్లు డెబ్బై వేల పైచిలుకు. అందులో రేడియాలజీ, జనరల్ మెడిసిన్ వంటి కోరుకునే సీట్లు ఇంకా కొద్ది. పీజీ మూడేళ్ళు, సూపర్ స్పెషాలిటీ మరో మూడేళ్ళు. సొంతంగా సంపాదన మొదలయ్యేసరికి ముప్పై దాటుతుంది. అంటే వైద్యంలోనూ లోపల వడపోతలు ఉన్నాయి. అయితే ఒక తేడా గమనించాలి. పీజీ సీటు రానివాళ్ళు కూడా డాక్టరుగా రిజిస్టరై ఉంటారు. ఎక్కడో ఒకచోట డ్యూటీ డాక్టరుగానైనా పని దొరుకుతుంది. చేతికొచ్చిన అర్హతను ఎవరూ తీసుకుపోలేరు.

ఆ అర్హతకు చెల్లించే మూల్యం మాత్రం ఒంటి మీద పడుతుంది. రెసిడెంట్ డాక్టర్ల పని వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది. ఇప్పటికీ ఏకధాటిగా 36 గంటల డ్యూటీలు మామూలే. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు హత్యాచారానికి గురైన తరవాత మన గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రుల్లోనూ జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. డ్యూటీ గదికి తలుపు, గడియ కావాలని వాళ్ళు అడగాల్సి వచ్చింది. కూతురిని వైద్యం చదివించాలనుకునే తల్లిదండ్రులు ఈ విషయాలు తెలుసుకునే చదివించాలి. తెలిసీ చదివించడంలో గొప్పతనం ఉంది.

ఇప్పుడు రెండో దారి. కంప్యూటర్ సైన్సు సీటు దొరకడం కష్టం కాదు. తెలంగాణ కన్వీనర్ కోటా ఇంజనీరింగ్ సీట్లలో మూడింట రెండొంతులకు పైగా కంప్యూటర్ సంబంధిత కోర్సులే. 2024-25 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ సీట్ల గరిష్ఠ పరిమితిని కూడా సడలించింది. సివిల్, మెకానికల్ విభాగాలు మూసి ఆ గదుల్లో కంప్యూటర్ తరగతులు పెడుతున్నారు. సీఎస్ఈకి తోడు ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని రకరకాల పేర్లు. చాలా కళాశాలల్లో వీటి మధ్య తేడా నాలుగైదు సబ్జెక్టులకు మించదు. పేరు చూసి కళాశాల మార్చుకోవడం తెలివైన పని కాదు. చెప్పే మనిషి ఉన్నాడా లేదా అన్నది చూడాలి. పాఠం చెప్పేవాళ్ళే కరువైనప్పుడు డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ బట్టీ పట్టే సబ్జెక్టులు అయిపోతాయి. నాలుగేళ్ళు పూర్తయినా పిల్లలు చిన్న ప్రోగ్రాం సొంతంగా రాయలేరు.

అక్కడ మొదలవుతుంది వడపోత. క్యాంపస్ సెలక్షన్లలో మొదటి జల్లెడ. వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్ ఐఐటీ, ట్రిపుల్ ఐటీ పిల్లలకు దొరికే జీతాలు పత్రికల్లో వస్తాయి. మిగతా కళాశాలల సంగతి రాదు. టీసీఎస్ కొత్తవాళ్ళకిచ్చే ప్రాథమిక జీతం ఏడాదికి 3.36 లక్షల దగ్గర ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. ఈ కాలంలో హైదరాబాదులో ఇంటి అద్దె ఎంత పెరిగిందో అక్కడ ఉంటున్నవాళ్ళకు తెలుసు. ఉద్యోగం వచ్చాక రెండో జల్లెడ. నాలుగైదేళ్ళకోసారి పనిముట్లు మారతాయి, మళ్ళీ నేర్చుకోవాలి. 2022 చివర, 2023 మొదట్లో మెటా 11 వేలమందిని, గూగుల్ 12 వేలమందిని, మైక్రోసాఫ్ట్ 10 వేలమందిని తీసేశాయి. 2025లో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామంది. ఇక్కడ కోత ఎక్కువగా పడింది నడివయసు, పై స్థాయి వాళ్ళ మీద. నలభై ఐదేళ్ళకు డాక్టరుకు చేతి గుణం మీద నమ్మకం పెరుగుతుంది. అదే వయసుకు ఐటీ మేనేజరుకు నిద్ర పట్టదు. ఇంటి పెద్దలు జీతాలు పోల్చేటప్పుడు ఇరవై రెండో ఏటినే చూస్తున్నారు. నలభై ఐదో ఏటినీ చూడాలి.

అమెరికా మీద ఆశతో ఎంపీసీ తీసుకునేవాళ్ళు తెలుగువాళ్ళలో ఎక్కువ. ఏటా కొత్త హెచ్-1బీ వీసాల పరిమితి 85 వేలు. అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇంటర్, ఇంజనీరింగ్ కలిపి ఆరేళ్ళ తరవాత ఆ నిబంధనలు ఎలా ఉంటాయో ఎవరి చేతుల్లోనూ లేదు. పదిహేనేళ్ళ పిల్లల గ్రూపును అమెరికా వీసా లెక్కతో తేల్చడం న్యాయం కాదు.

ఇన్ని చెప్పాక కంప్యూటర్ సైన్సు పక్షాన ఒక గట్టి మాట చెప్పాలి. ఈ శాస్త్రం ఎవరినీ డిగ్రీ పేరు అడగదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. హైదరాబాదులో పుట్టిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ళ మణిపాల్‌లో ఎలక్ట్రికల్ చదివి, ఆ తరవాత అమెరికాలో కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశారు. పద్దెనిమిదేళ్ళకు ఈ తలుపు తట్టనివాళ్ళు పాతికేళ్ళకు తట్టినా తెరుచుకుంటుంది. వైద్యానికి అలా కుదరదు. డాక్టరు ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చు. ప్రోగ్రామరు రోగిని చూడాలంటే నీట్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఈ మధ్య ప్రతి చర్చా కృత్రిమ మేధ దగ్గరికి వచ్చి ఆగుతోంది. 2016లో జెఫ్రీ హింటన్ అంతటి కృత్రిమ మేధ శాస్త్రవేత్త, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని, ఐదేళ్ళలో యంత్రం వాళ్ళను మించిపోతుందని అన్నారు. ఆయన భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న 2024లోనూ మన పీజీ కౌన్సెలింగ్‌లో ముందుగా నిండిన సీట్లలో రేడియాలజీ ఉంది. అదే సమయంలో, చాట్‌జీపీటీ వచ్చిన 2022 నవంబరు తరవాత కోడ్ రాసే యంత్రాలు కొత్తగా చేరే ఉద్యోగుల పనిలోకి నేరుగా వచ్చేశాయి. ఎందుకీ తేడా? యంత్రానికి ఎక్స్‌రే చదవడం రాక కాదు. క్షయవ్యాధికి ఛాతీ ఎక్స్‌రేలు చదివే సాఫ్ట్‌వేరును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సిఫారసు చేసింది. తేడా సంతకంలో ఉంది. రిపోర్టు కింద పేరు పెట్టి, తప్పయితే మెడికల్ కౌన్సిలుకూ కోర్టుకూ జవాబు చెప్పాల్సిన మనిషి ఒకరు చట్టప్రకారం ఉండాలి. ప్రోగ్రామరుకు అలాంటి లైసెన్సు లేదు, అలాంటి రక్షణా లేదు. కాబట్టి యంత్రాలు ముందు తినేది వరస కోడింగ్ పనినే. సమస్యను సరిగా పట్టుకుని, గణితం, అల్గారిథమ్స్ లోతుగా తెలిసి, యంత్రం ఇచ్చింది తప్పో ఒప్పో చెప్పగలవాళ్ళకు పని ఉంటుంది. అంటే కంప్యూటర్ సైన్సు నిజంగా ఇష్టమైనవాళ్ళకు భయం తక్కువ. అందరూ చేరుతున్నారని చేరినవాళ్ళకే ఎక్కువ.

రెండూ కలిసే చోట్లు మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాదులోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కంటి రోగుల సమాచారం మీద పని చేపట్టింది. హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగం ఉంది. ఆసుపత్రి సాఫ్ట్‌వేరు చేయడానికి ఎంబీబీఎస్ సీటు వాడుకోవద్దని మాత్రం చెబుతాను. ఆ సీటు కోసం మరొకరు ఏళ్ళు ఎదురుచూస్తున్నారు.

ఇక మనస్తత్వం. 'రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, వీడికి వైద్యం వద్దు' అంటారు. ఆ భయం అనాటమీ గదిలో కొన్ని వారాల్లో పోతుంది. పోనిది వేరే. రోజుకు వందమంది వచ్చే ఓపీలో, బాధలో ఉండి విసుక్కునే మనుషులను విసుక్కోకుండా చూడగలగడం. రోగమేమిటో పూర్తిగా తేలకపోయినా మందు రాయాల్సిన అనిశ్చితిని మోయగలగడం. ఇంట్లో నానమ్మకు జ్వరమొస్తే పక్కన కూర్చునేది ఎవరో చూస్తే, జీవశాస్త్రంలో వచ్చిన మార్కులకన్నా ఎక్కువ తెలుస్తుంది. అలాగే ఒక లెక్క రాకపోతే అన్నం మాని దానితోనే కూర్చునే పిల్లలుంటారు. తప్పు ఎక్కడుందో దొరికేదాకా వదలరు. ప్రోగ్రామింగ్‌కు కావాల్సింది ఆ మొండితనం. ఫోను బాగా వాడటం దానికి గుర్తు కాదు.

పదిహేనేళ్ళకే ఇవన్నీ బయటపడకపోవచ్చు. అందుకే నిర్ణయాన్ని వాయిదా వేసే మార్గాలను నేను గట్టిగా సమర్థిస్తాను. ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, జీవశాస్త్రాన్ని తరవాత అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్ళు కూడా నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. ఎంపీసీ పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటు. చాలామంది తల్లిదండ్రులకు ఇప్పటికీ తెలియదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు 2025-26 నుంచి లెక్కలు, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీకి అవకాశం ఇచ్చింది. పిల్లల మీద భారం పెరుగుతుందన్న అభ్యంతరం ఉంది, అది నిజమే. అయినా లాంగ్ టర్మ్‌లో పోయే రెండేళ్ళతో పోలిస్తే ఆ భారం ఏపాటిది? కాగితం మీద అనుమతి ఉన్నంత మాత్రాన చాలదు. మండలంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్కల లెక్చరరూ, జీవశాస్త్ర లెక్చరరూ ఇద్దరూ ఉండాలి, ఇద్దరి పీరియడ్లూ ఒకే పిల్లకు కుదిరేలా టైంటేబుల్ వేయాలి. తెలంగాణ బోర్డు కూడా ఈ పని చేపట్టాలి. అడ్వాన్సు కట్టడానికి వెళ్ళే తల్లిదండ్రులు కళాశాలలో మొదట అడగాల్సింది ఇదే: మా అమ్మాయి రెండూ చదవొచ్చా, చెప్పేవాళ్ళు ఉన్నారా?